రెక్క ఎముక దొంగసాయం: నా అనుభవం

విజయనగరంలో మేం ‘జబ్బ పట్టేసింది’ అంటాం, డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, భుజం కీలు బిగుసుకుపోవడం. నాకు ఎడమ జబ్బ సంక్రాంతికి పట్టేసింది. వెనక జేబులో పర్సు అందదు, చొక్కా తొడుక్కోవాలంటే ఎడమ చెయ్యే ముందు దూర్చాలి.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఉండదు కూడా. జబ్బ ఎముక, వీపు పైభాగంలో పలకలా ఉండే రెక్క ఎముక, కాలర్ బోన్ మూడూ బాగానే ఉంటాయి. బిగుసుకునేది కీలు చుట్టూ ఉండే పల్చని సంచి. ఎక్స్‌రే తీసేది అరుగుదల, సున్నం పేరుకోవడం లాంటివి లేవని తేల్చుకోడానికి. అసలు పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. మోచేతిని నడుముకి ఆనించి, ముంజేతిని ముందుకి మడిచి, బయటికి తిప్పాలి. నా కుడిచెయ్యి 60 డిగ్రీలు తిరిగింది, ఎడమది 10 దగ్గర ఆగిపోయింది. వేరేవాళ్లు పట్టుకుని తిప్పినా అక్కడే ఆగడం దీని గుర్తు. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడు తెగిన జబ్బ అయితే సొంతంగా లేవకపోయినా, ఇంకొకరు లేపితే మామూలుగా లేస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ. కీల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి.

నేను మోసపోయింది గోడ దగ్గర. వేళ్లని గోడ మీద పైకి పాకించి, అందినచోట సుద్దముక్కతో గీత పెట్టేవాణ్ని. గీతలు పైకి పోతుంటే ఒకటే సంబరం. ఫిజియో వెనక నిలబడి రెక్క ఎముక కింది కొసని బొటనవేలితో అదిమిపట్టి, ‘ఇప్పుడెత్తండి’ అన్నారు. గీత జానెడు దిగిపోయింది! చెయ్యి నిలువునా 180 డిగ్రీలు లేస్తే, అందులో సుమారు 120 బంతి కీలుది, 60 రెక్క ఎముక వీపు మీద జారడంవల్ల వచ్చేది. కీలు బిగిస్తే ఆ లోటు రెక్క ఎముకే పూడుస్తుంది, భుజం చెవిదాకా లేచిపోతుంది. అద్దం ముందు చేస్తే ఈ దొంగతనం దొరికిపోతుంది.

అందుకని ఎత్తడం కంటే ముందు బయటికి తిప్పడం. 15 నిమిషాలు వేడి కాపడం పెట్టాక వెల్లకిలా పడుకుని, మోచేతి కింద తువ్వాలు మడిచిపెట్టి, రెండు చేతులతో చీపురుకర్ర పట్టుకుని, బాగున్న చేత్తో రెండోదాన్ని బయటికి నెట్టాలి. 30 సెకన్లు ఆపి వదలాలి. ఇలా 5 సార్లు, రోజుకి 3 పూటలు. తర్వాత నూతి మీది పాత గిలకని దూలానికి కట్టి తాడుతో ఎత్తడం. గిలక ఎక్కడిదైనా పర్వాలేదు, లాగేది మాత్రం బాగున్న చెయ్యే.

నొప్పి అరగంటలో సర్దుకుంటే లెక్క సరిపోయినట్టు. రాత్రి నిద్ర చెడిందంటే ఎక్కువ లాగినట్టు, మర్నాడు సగమే చెయ్యాలి. మొదటి నెలల్లో నూనె రాయించి గట్టిగా లాగించడం మహా తప్పు, అప్పటికే వాచిన సంచి ఇంకా రేగుతుంది. ఆ రోజుల్లో ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి, ఒంటిని ఊపుతూ దాన్ని ఊగనివ్వడం చాలు. పడుకున్నప్పుడు మోచేతి కింద దిండు.

దసరా తర్వాత వచ్చే మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను జాతర నాటికి 50 డిగ్రీలు తిరిగింది. వీపు వెనక్కి పెట్టడం అన్నిటికంటే ఆఖర్న వస్తుంది. బొటనవేలు ఇంకా బెల్టుకి నాలుగు వేళ్లపైనే ఆగుతోంది.