సాసేజ్‌లు అయిపోయిన రోజు

మొన్న అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ ఐస్‌లాండ్ సంగతి చెప్పా, తెగ నవ్వింది. 1975 అక్టోబర్ 24న అక్కడి ఆడవాళ్లలో దాదాపు 90 శాతం మంది పని మానేశారు, ఆఫీసు పనొక్కటే కాదండోయ్, వంట, పిల్లలు, అంట్లు అన్నీ. సమ్మె అంటే కొందరు భయపడతారని 'సెలవు రోజు' అని పేరు పెట్టుకున్నారు, అదీ తెలివి. నాన్నలేమో పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసులకెళ్లారు, త్వరగా ఉడుకుతాయని అందరూ సాసేజ్‌ల మీద పడితే షాపుల్లో అవే అయిపోయాయంట. మరుసటి ఏడాదే సమాన హక్కుల చట్టం వచ్చింది. 2018 నుంచైతే 25 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ సమాన పనికి ఆడా మగా ఒకటే జీతం ఇస్తున్నానని తనే నిరూపించుకోవాలి. అయినా తేడా పూర్తిగా పోలేదు, 2023లో మళ్లీ అదే తేదీన సమ్మె, ఈసారి ప్రధాని కత్రీన్ యాకొబ్స్‌దొత్తిర్ కూడా పని మానేసింది.

మనకీ 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది, కానీ మా ఊళ్లో ఇప్పటికీ మగకూలి ఎంత, ఆడకూలి ఎంత అని రెండు రేట్లు అడుగుతారు.

"మేమూ ఒక్కరోజు నాట్లు మానేస్తే తెలుస్తుంది" అంది అమ్మ.

మరి ఆరోజు వంటో? అన్నా. సౌండ్ లేదు.