ఎత్తు మీద ఎదురుచూడటం

మా ఆయన సైకిల్ కొన్న మొదటి నెలంతా మేం కలిసి బయల్దేరి, విడివిడిగా అలిగి ఇంటికొచ్చేవాళ్లం. తప్పు నాదే. ఎత్తు వచ్చినప్పుడల్లా నేను నా వేగంలో ఎక్కేసి, పైన ఆగి, నీళ్లు తాగి, ఆయన రొప్పుకుంటూ వచ్చి చేరగానే "పదండి" అని కదిలేదాన్ని. ఆగుతున్నా కదా, ఇంకేం కావాలి అనుకునేదాన్ని. విశ్రాంతంతా నాకే దక్కుతోందని, అలసిన మనిషికి ఒక్క నిమిషం కూడా మిగలట్లేదని నా బుర్రకి తట్టలేదు. ఇప్పుడు మళ్లీ ఎప్పుడు కదలాలో ఆయనే చెబుతారు.

పక్కపక్కన తొక్కేటప్పుడు ఇంకో జబ్బు ఉండేది నాకు. నా ముందు చక్రం ఎప్పుడూ జానెడు ముందుండేది. ఆయన అందుకోవాలని కాస్త గట్టిగా తొక్కితే, నాకు తెలీకుండానే నేనూ పెంచేదాన్ని, పది నిమిషాలకల్లా అది పందెమైపోయేది. పక్కనుంటే హ్యాండిల్‌బార్లు ఒకే వరసలో ఉండాలి, లేదంటే బలంగా తొక్కేవాళ్లు పూర్తిగా ముందుకెళ్లి, రెండోవాళ్లు వాళ్ల వెనకాలే రావాలి. చదును రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లు దాటాక మన శ్రమలో ఎక్కువ భాగం గాలిని తోసుకెళ్లడానికే పోతుంది, అందుకే ఎదురుగాలిలో వెనకున్నవాళ్లకి చాలా తేలిగ్గా ఉంటుంది. అలాగని కొత్తవాళ్లని చక్రానికి చక్రం ఆనించి రమ్మనకండి, ఒక సైకిలంత దూరం వదిలినా కొంత కలిసొస్తుంది. ముందున్నవాళ్లు చెప్పకుండా బ్రేక్ వేయకూడదు, గుంతలుంటే చేత్తో చూపించాలి. ఒకసారి నేను చూపించడం మర్చిపోయాను, ఆ గొడవ ఇక్కడొద్దులెండి.

వేగానికి మీటరు అక్కర్లేదు. పక్కవాళ్లు పూర్తి వాక్యం మాట్లాడలేక ముక్కలు ముక్కలుగా జవాబిస్తుంటే తగ్గించాలి, అంతే. ఆయనకి మోకాళ్లు నొప్పెట్టింది కూడా బరువు గేరులో బిగబట్టి తొక్కడం వల్లే. తేలిక గేరులో పెడల్ నిమిషానికి 80 చుట్లు తిరిగేలా అలవాటు చేసుకుని, ఎత్తు మొదలవకముందే గేరు మార్చడం మొదలెట్టాక తగ్గింది. సీటు కూడా కిందికుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి.

ఇక కూర్చునే చోట నొప్పి. దానికి మెత్తటి సీటు కంటే ప్యాడ్ ఉన్న షార్ట్స్ మేలు, లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఈ చివరి ముక్క చెప్పడానికి మొహమాటపడి మూడు వారాలు ఆయన్ని ఏడిపించాను.

గంటన్నర దాటే రోజైతే ఆకలేసేదాకా ఆగకుండా దారిలోనే కాస్త కాస్త తినాలి, ఆకలేశాక తింటే కాళ్లకి అందేసరికి ఆలస్యమైపోతుంది.

ఎక్కడ వెనక్కి తిరగాలన్నది కూడా ఆయన ఇష్టమే, ఎందుకంటే వెళ్లినంత దూరమూ మళ్లీ తొక్కాలి. పోయిన ఆదివారం 27వ కిలోమీటరు దగ్గర "ఇక చాలు" అన్నారు. ఇంకో మూడు తొక్కితే వెళ్లేది 30, మొత్తం 60 అయ్యేది. నోటిదాకా వచ్చింది. మింగేసి సైకిల్ తిప్పాను.