ఇత్తడి తోమడం హాబీ ఎప్పుడైందో

రాత్రి పదకొండున్నర దాటింది. పడుకున్నాను, లేచాను, మంచినీళ్ళు తాగాను, మళ్ళీ పడుకున్నాను. లాభం లేదు. రాసేస్తే గానీ వదిలేలా లేదు.

పొద్దున్న తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి శనివారం రాత్రి, నాకు ఆదివారం ఇడ్లీల వేళ. ఈసారి వీడియోలో వాడి మొహం లేదు, టెక్సాస్‌లో వాడి గ్యారేజీ, అందులో ఒక బల్ల, బల్లకి బిగించిన ప్రెస్సు. తూటాలు చేసుకుంటున్నాడట. పేల్చేశాక రాలిపడిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చుకుని, వాటిలో మళ్ళీ మందు పోసి, పైన సీసపు గుండు దిగ్గొట్టి, కొత్తవి చేసుకోవడం. మన దగ్గర లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే 1959 నాటి ఆయుధాల చట్టం కింద లోపలేస్తారు. అక్కడది ఆదివారం కాలక్షేపం.

"అప్పా, వారమంతా ఆఫీసులో బుర్ర వేడెక్కిపోతాది. ఇక్కడ రెండు గంటలు కూచుంటే ధ్యానం చేసినట్టుంటాది" అన్నాడు.

వెనకనుంచి మరదలి గొంతు. "ధ్యానం ఆయనది వదినా, గ్యారేజీ ఊడ్చుకోడం నాది!"

నేను నవ్వి ఊరుకుంటే సరిపోయేది. "ఒరే, చాకిరీకి ధ్యానమని పేరెట్టుకుంటే చాకిరీ కాకుండా పోద్దేటి?" అన్నాను. వాడు నవ్వలేదు. "సరే అప్పా, పనుంది" అని పెట్టేశాడు. పనుందిట. ఆ పనే కదా నాకు చూపిస్తున్నాడు.

ఇది చాలదన్నట్టు మా ఇంటాయన పేపర్ దించి, "మనం కూడా ఈసారి మతాబులూ చిచ్చుబుడ్లూ ఇంట్లోనే చేసుకుందామేటి? సరదాగా ఉంటాది" అన్నారు.

సరదా. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న వేసవిలో వడియాలు కూడా సరదాకే. మేడ మీద చీర పరిచి నాలుగు వరసలు పెట్టి, నడుం పట్టేసిందని కిందకి దిగి, గంటస్తంభం దాకా వెళ్ళొస్తానని స్కూటర్ తీశారు. మబ్బు పట్టింది. చీర లాగింది నేను, అంటుకుపోయిన పిండి గీకింది నేను, ఆ చీర మూడు రోజులు నానబెట్టింది నేను. సాయంత్రం ఫోన్లో మా ఆడపడుచుతో "ఈ ఏడు వడియాలు మేమే పెట్టుకున్నాం" అని ఈయన చెప్పుకున్నారు. "మేమే"ట! మైదా డబ్బా ఏ అరలో ఉందో తెలీని మనిషి మతాబులు చేస్తారట.

మతాబులంటే ఏమిటో నన్నడగాలి.

దసరా వెళ్ళాక మా విజయనగరంలో జరిగే పైడితల్లమ్మ సిరిమాను పండగ అయిపోయిన మర్నాటినుంచీ మా ఇంట్లో ఆ తంతు మొదలయ్యేది. మంగళవారం అమ్మవారి జాతర, బుధవారం నాన్న మిల్లునుంచి వస్తూ వస్తూ పొట్లాలు తెచ్చేవారు. సూరేకారం, గంధకం, బీడు రజను. జిల్లేడు కర్రలు కాల్చి బొగ్గు ముందే సిద్ధం చేసి ఉంచేవారు. రజనుకి ఆముదం పట్టించేవారు, తుప్పెక్కకుండా. ఒక్కో సరుకు విడివిడిగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, ఆఖర్న చాప మీద కాగితం పరిచి కలిపేవారు. ఇనప గరిట ముట్టుకోనిచ్చేవారు కాదు, చెక్క గరిటే. ఆ రెండు వారాలూ మా తాత బీడీ వీధిలోకెళ్ళి కాల్చుకోవాలి. పాళ్ళు రాసుకున్న నోటుబుక్కు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అడక్కండి, చెప్పను. లైసెన్సు లేకుండా మందుగుండు చెయ్యకూడదనే చట్టం 1884 నాటిదట. అంటే మా నాన్న చాప పరిచేనాటికే దానికి వందేళ్ళు. మా వీధిలో ఎవరికీ తెలీదు, తెలిసినా ఆగేవారు కాదు.

ఇదంతా నాన్న పని. అందరూ చూసేది, మెచ్చుకునేది ఇదే. మరి గొట్టాలో?

గొట్టాలు ఆడగుంటలం మేం చుట్టాలి. పాత పేపర్లు ఒకే కొలతకి కోసుకోవాలి. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, చల్లారాక వేళ్ళతో పుయ్యాలి. గుండ్రటి కర్రకి బిగించి చుట్టి, అంచు అతికించి, కర్ర లాగెయ్యాలి. రెండొందలు. అయ్యకోనేరు వైపునుంచి గాలి వీస్తే ఎండుతున్న గొట్టాలన్నీ దొర్లిపోయేవి, పరిగెత్తి ఏరుకోవాలి. గోళ్ళలో జిగురు పచ్చగా గట్టిపడి అన్నం తింటుంటే మైదా వాసనే. అక్టోబరు కదా, ఏడాది విడిచి ఏడాది వాయుగుండం. ఒక ఏడు నాలుగు రోజులు ముసురు పట్టి గొట్టాలన్నీ మెత్తబడి బూజొచ్చింది. మళ్ళీ మొదటినుంచీ చుట్టాం. అంత చేసినా మందు కూరే దగ్గరకి మమ్మల్ని రానిచ్చేవారు కాదు. "ఆడగుంటలు దూరంగుండండి." ఏడేళ్ళ తమ్ముడు మాత్రం నాన్న పక్కన బాసింపట్టు వేసుకుని గొట్టాలు అందిస్తూ కూచునేవాడు. నేను చుట్టిన గొట్టాలు!

అందుకే పొద్దున్న నోరు జారింది. వాడికి ధ్యానం అప్పట్నుంచే అలవాటు.

ఇక ఇత్తడి. వాడు గొప్పగా చూపించాడు, తళతళలాడుతున్న గొట్టాలు డబ్బా నిండా. ఎలా మెరిశాయిరా అంటే, ఒక పీపాలాంటి దాంట్లో నీళ్ళు, సన్నటి ఉక్కు పుల్లలు, అంట్లసబ్బు, కాస్త నిమ్మ ఉప్పు వేసి రెండు మూడు గంటలు తిప్పుతాడట. నిమ్మ ఉప్పు! అంటే పులుపు. మా అమ్మ జన్మంతా బిందెలూ చెంబులూ గంగాళం చింతపండుతో తోమింది. దాన్ని ఎవరూ హాబీ అనలేదు. అమ్మకి ఉక్కు పుల్లల పీపా లేదు, కొబ్బరిపీచూ మోచేతులూ ఉన్నాయి. "చిన్నోడు ఇత్తడి తోముతున్నాడు" అని చెప్తే అమ్మ నమ్మేదే కాదు, వాడు తాగిన గ్లాసు తియ్యడం ఎప్పుడూ చూళ్ళేదు.

ఇక్కడిదాకా రాసి ఆగాను. వాడు ఇంకా ఏదో చెప్పాడు, నేను నా కోపంలో సరిగ్గా వినలేదు.

తోమడం వాడికీ విసుగేనట. పేల్చిన ప్రతిసారీ ఇత్తడి సాగుతుందట, ముఖ్యంగా రైఫిలు గొట్టాలు. వాటిని కొలిచి, పెరిగిన మేర కోసి, అంచు నునుపు చెయ్యాలి. పాత ప్రైమరు, అంటే మందుకి నిప్పంటించే అడుగు బిళ్ళ, పొడిచి తియ్యాలి, అది కూచునే గుంటలో మసి గీకాలి. "మందు పొయ్యడం చిటికెలో పనప్పా, మిగతా అంతా ఈ గోకుడే" అన్నాడు. కొనుక్కోడం కంటే చవకేమో అన్నాను. "చవకే గానీ మిగిలిందేం లేదు, రెండింతలు పేలుస్తున్నాను" అన్నాడు. మా అమ్మ నాన్నని ఇదే అడిగేది, కొంటే పోలేదా అని. నాన్న జవాబూ ఇంచుమించు ఇదే.

మందు పోసేటప్పుడు ఫోను పక్కన పడేస్తాడట. పాట కూడా పెట్టుకోడు. చిల్లులున్న చెక్కలో యాభై గొట్టాలు నిలబెట్టి, పోసి, టార్చిలైటు వేసి ఒక్కోదాంట్లోకీ తొంగిచూస్తాడు. ఒకదాంట్లో రెండుసార్లు పడిందంటే తుపాకీ చేతిలోనే పగలొచ్చు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క రకం మందు డబ్బానే. తూకం గ్రెయిన్లలో. ఒక గ్రెయిను గ్రాములో పదిహేనో వంతు, మన కంసాలి గురివింద గింజలో ఇంచుమించు సగం. అదీ తెరాజులో చూసి పోస్తాడు. వింటుంటే చాప మీద కూచున్న నాన్నే కళ్ళముందుకొచ్చారు, ఊపిరి బిగబట్టి, నుదుట చెమట జారుతున్నా తుడుచుకోకుండా.

మరి నాకు గొట్టాలు నిజంగా చాకిరీగానే ఉండేవా? ఇప్పుడు అర్ధరాత్రి ఒంటరిగా అడుక్కుంటే అంత గట్టిగా చెప్పలేకపోతున్నాను. కర్ర లాగేటప్పుడు ఒక చిన్న చప్పుడు ఉంటుంది, తడి కాగితం కర్రని వదిలేటప్పుడు. 'ఫుట్' అని. సరిగ్గా చుట్టినదే ఆ చప్పుడు చేస్తుంది. వదులుగా చుట్టింది ఊరికే జారిపోతుంది, మరీ బిగిస్తే చిరుగుతుంది. ఇరవైముప్పై అయ్యేసరికి వేళ్ళకే తెలిసిపోయేది. వరసగా ఫుట్, ఫుట్, ఫుట్. మా చెల్లీ నేనూ చప్పుడు లెక్కపెట్టుకునేవాళ్ళం, గొట్టాలు కాదు. అప్పుడు ఎవరైనా లేవమంటే కోపమొచ్చేది.

పండగ ముందురోజు నాన్న నన్ను మేడమీదకి పిలిచి ఒకే ఒక్క మతాబు నా చేతికిచ్చి వెలిగించేవారు, సరిచూడ్డానికి. "గొట్టం బాగా చుట్టినావు, సమంగా కాల్తంది" అన్నారు ఒకసారి. అంతే, ఒక్కసారే. పండగనాడు గోగుకాడలు తిప్పి "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి" అని నేలకి కొట్టి, కాళ్ళు కడుక్కుని తీపి తినేశాక, అందరూ కాల్చిన మతాబులన్నిట్లో నావెన్నో నాకు మాత్రమే తెలుసు.

అయినా ఆ ముసురు ఏడు గుర్తొస్తే మళ్ళీ ఒళ్ళు మండుతోంది. ఇంట్లో చేసే ప్రసక్తే లేదు. ఈ ఇరుకు వీధిలో, పక్కింట్లో గ్యాస్ బండలు, పైనింట్లో పసిపిల్ల. కొనుక్కుంటాం, అదీ నాలుగు.

తమ్ముడికి మెసేజ్ పెట్టాను. "ఒరే, బకెట్టు నీళ్ళకి నిమ్మ ఉప్పు ఎంత వెయ్యాలి? దీపావళి కుందులు నల్లబడ్డాయి."

వెంటనే జవాబొచ్చింది. "చెంచాడు చాలప్పా. ఎక్కువేస్తే ఎర్రబడిపోతాయి. ఎవరు తోముతారేటి?"

కుందులు పన్నెండూ సింకు పక్కన పేర్చాను. ఇంట్లో నిమ్మ ఉప్పు లేదు, చింతపండు నానబెట్టి పీచు పక్కన పెట్టాను. ఈయన ఆరింటికి లేస్తారు. నేను ఏడుకి.