బ్యాలెట్ మీద ఒక్కటే పేరు

నిన్న రాత్రి ఇక్కడ అమెరికాలో పోస్టల్ బ్యాలెట్ ముందేసుకుని కూర్చున్నాను. మా కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంటు) సీటుకు ఒక్కటే పేరు, ఎప్పుడూ ఉండేదే. కింద ఓ ఖాళీ గీత. నచ్చినవాళ్ల పేరు మనమే రాసుకోవచ్చు. మా ఆయన పేరు రాద్దామా అనుకున్నాను గానీ, ఆయనకు ఇంట్లోనే మెజారిటీ లేదు.

అమెరికాలో ప్రెసిడెంటుగా రెండుసార్లకు మించి గెలవకూడదని 1951లోనే రాజ్యాంగంలో చేర్చుకున్నారు. కాంగ్రెస్ సభ్యులకు ఆ హద్దు లేదు. రాష్ట్రాలు పెట్టబోతే 1995లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో కొట్టేసింది. డెమొక్రాట్ జాన్ డింగెల్ దిగువ సభ అయిన హౌస్‌లో 59 ఏళ్లున్నారు. రిపబ్లికన్ చక్ గ్రాస్లీ ఎగువ సభ అయిన సెనేట్‌లో అడుగుపెట్టింది 1981లో. అన్నిటికీ కొట్టుకునే రెండు పార్టీలకు కుర్చీ దగ్గర మాత్రం భలే కుదురుతుంది.

చివరికి ఆ గీత ఖాళీగా వదిలేసి కవరు అంటించేశాను.