‘ఎవరూ లేరు’ అని రాసే ముందు

ఒక పిల్లల సంరక్షణ గృహంలో ఫైళ్ళు సరిచేసే పనికి స్వచ్ఛందంగా వెళ్ళిన తొలి వారాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టింది ఒక చిన్న గడి. దాదాపు ప్రతి బిడ్డ దరఖాస్తులోనూ ‘బంధువుల వివరాలు’ అన్నచోట ‘ఎవరూ లేరు’ అనే రెండు మాటలే ఉండేవి. చేతిరాతలు వేరు, సంవత్సరాలు వేరు, మాట మాత్రం ఒకటే. కొంతకాలం నేనూ అది నిజమనే నమ్మాను. పిల్లల పక్కన కూర్చుని తీరికగా మాట్లాడడం మొదలుపెట్టిన తర్వాతే, చాలా ఫైళ్ళలో ఆ మాటలు బిడ్డ పరిస్థితిని చెప్పడం లేదని, చేర్చుకున్న రోజున ఎవరూ ఆరా తీయలేదన్న సంగతిని మాత్రమే చెబుతున్నాయని తెలిసింది.

‘అనాథ’ అంటే నాథుడు, అనగా రక్షకుడు, లేనివాడని అర్థం. అయితే యునిసెఫ్ లెక్కల్లో తల్లిదండ్రుల్లో ఒక్కరిని కోల్పోయిన బిడ్డ కూడా అనాథ కిందికే వస్తుంది. ఎన్నో దేశాల్లోని ఆశ్రమాల్లో జరిపిన పరిశీలనల్లో, అక్కడ ఉంటున్న పిల్లల్లో అధికులకు తల్లి గాని తండ్రి గాని బతికే ఉన్నట్లు తేలింది. వారిని అక్కడికి చేర్చింది మరణం కన్నా ఎక్కువగా పేదరికం, జబ్బు, వైకల్యం, ఇంట్లో హింస, దగ్గరలో బడి లేకపోవడం వంటివి. 2009లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ (సొంత ఇంట్లో ఉండలేని పిల్లల పెంపకం) మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి వేరు చేయకూడదు; బలమైన కారణం లేకుండా తోబుట్టువులను విడదీయకూడదు; మూడేళ్ళ లోపు పసివారిని కుటుంబ వాతావరణంలోనే పెంచాలి. బిడ్డను ఇంటికి దూరం చేయడం నిజంగా అవసరమా అన్న ప్రశ్న ముందు రావాలి, ఎక్కడ ఉంచితే ఆ బిడ్డకు తగినట్లుంటుందన్నది ఆ తర్వాత రావాలి. మన ఆశ్రమాలు చాలావరకు ఈ రెండు ప్రశ్నలనూ దాటవేసి, మంచం ఖాళీ ఉందా అన్న మూడో ప్రశ్నతో మొదలుపెడతాయి.

ఆశ్రమంలో తిండి, బట్ట, చదువు అందుతున్నప్పుడు కుటుంబం కోసం ఇంత వెతకడం ఎందుకని నన్ను అడిగినవారు ఉన్నారు. దీనికి బలమైన జవాబు రుమేనియా నుంచి వచ్చింది. 1966లో అక్కడి ప్రభుత్వం గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించింది. పోషించలేని కుటుంబాల బిడ్డలు వేల సంఖ్యలో ప్రభుత్వ ఆశ్రమాలకు చేరారు. 1989 చివర ఆ ప్రభుత్వం కూలిన తర్వాతే వారి దుస్థితి లోకానికి తెలిసింది. కొన్నేళ్ళకు చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే శాస్త్రవేత్తలు బుఖారెస్టులో ఒక అధ్యయనం చేపట్టారు. ఆశ్రమాల్లో ఉన్న 136 మంది పసివారిలో సగం మందిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి పెంపుడు కుటుంబాలకు, అంటే దత్తత తీసుకోకుండానే బిడ్డను తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునే కుటుంబాలకు, పంపి, మిగిలినవారితో పాటు వారి ఎదుగుదలను ఏళ్ళ తరబడి గమనించారు. కుటుంబాలకు వెళ్ళిన పిల్లల తెలివితేటలు, పెద్దలతో వారు పెంచుకున్న అనుబంధం మెరుగ్గా ఉన్నాయి. రెండేళ్ళ వయసు లోపు వెళ్ళినవారిలో ఆ మేలు మరింత ఎక్కువగా కనబడింది. రోజుకు మూడుసార్లు మారే ఆయాల చేతుల్లో, తన ఏడుపు ఎవరిదో గుర్తుపట్టేవారు లేకుండా పెరిగే పసిబిడ్డ కోల్పోయేది ఏమిటో ఈ అధ్యయనం కొలిచి చూపింది.

నా మటుకు నాకు ఆ అధ్యయనంలో ఫలితాలతో సమానంగా విలువైనది మరొకటి ఉంది. అప్పటికి ఆ నగరంలో పెంపుడు కుటుంబాల ఏర్పాటు నామమాత్రంగానే ఉండేది. శాస్త్రవేత్తలు, సామాజిక కార్యకర్తలు కలిసి 56 కుటుంబాలను వెతికి, శిక్షణ ఇచ్చి, భృతి ఇప్పించి, తరచుగా వెళ్ళి కలుస్తూ నిలబెట్టారు. కుటుంబాలు దొరకవని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ 56 ఇళ్ళు గుర్తుకొస్తాయి. రువాండా కూడా 2013లో ‘పిల్లలను కుటుంబాల్లో పెంచుదాం’ అనే అర్థం వచ్చే పేరుతో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, ఆశ్రమాల్లోని పిల్లలను ఇళ్ళకు చేర్చే పనికి పూనుకుంది.

వెతకడం అన్న మాట సులభంగా వినిపిస్తుంది గాని, అది ఓపికతో కూడిన పని. ‘నీకు బంధువులు ఉన్నారా?’ అని అడిగితే పిల్లలు ఎక్కువగా లేరనే అంటారు. పెద్దల నోట విన్న జవాబునే వాళ్ళు తిరిగి చెబుతారు. మాతో పనిచేసిన అనుభవజ్ఞురాలైన సామాజిక కార్యకర్త ఆ ప్రశ్నను ఎప్పుడూ అలా అడిగేది కాదు. ‘జ్వరం వచ్చినప్పుడు నీ పక్కన ఎవరు కూర్చునేవారు? బడికి సెలవులిస్తే ఎవరింటికి వెళ్ళేవాళ్ళు? అమ్మ ఎవరితో ఎక్కువగా ఫోన్లో మాట్లాడేది?’ అని ఒక్కొక్కటిగా అడుగుతూ, చెప్పిన పేర్లను కాగితం మీద గీతలతో కలిపేది. తొమ్మిదేళ్ళ ఒక అమ్మాయి అలా మాటల మధ్యలో, ‘అత్తయ్య తడిగుడ్డ వేసేది’ అంది. ఆమె ఫైలులోనూ, ఆమె తమ్ముడి ఫైలులోనూ ఎవరూ లేరనే ఉంది.

ఆ మేనత్త ఆచూకీ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. పిల్లలు పెద్ద చోట బాగా చదువుకుంటున్నారని ఆమెకు ఎవరో చెప్పారట, తాను వెళ్తే వారి చదువు చెడుతుందని దూరంగా ఉండిపోయిందట. ‘మమ్మల్ని ఎవరూ అడగలేదమ్మా’ అన్న ఆమె మాట నేను మరిచిపోలేను.

బంధువు దొరికినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. రక్తసంబంధమే రక్షణ అనుకోవడం కూడా తప్పే, ఈ తప్పును నేను చూశాను. మరొక అబ్బాయి విషయంలో ఎంతో ఆదరంగా ముందుకు వచ్చిన దూరపు బంధువుకు కావలసింది పనిలోకి ఒక మనిషి. మొదటి భేటీ తర్వాత ఆ అబ్బాయి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని మా కార్యకర్త జవాబుగానే తీసుకుంది. అతనికి చివరకు బంధుత్వం లేని ఒక దంపతుల ఇల్లు కుదిరింది. బిడ్డ అభిప్రాయాన్ని వినాలని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది. మాటల్లో చెప్పలేని అభిప్రాయాన్ని కూడా వినగలిగినవారే ఈ పనికి తగినవారని నేను అనుకుంటాను.

దత్తత గురించి ఎక్కువ చెప్పను. దత్తతకు ఇవ్వవచ్చని చట్టప్రకారం తేలిన పిల్లలకు అది శాశ్వతమైన ఇల్లు, కాని అందరు పిల్లలకూ అది వర్తించదు. తల్లి కోలుకునే వరకు, తండ్రి నిలదొక్కుకునే వరకు బిడ్డకు తాత్కాలికంగా ఒక ఇల్లు కావలసిన సందర్భాలే ఎక్కువ. అంతకంటే ముందుగా, ఆ తల్లికే కొంత ఆర్థిక సాయం, వైద్యం, పగటిపూట బిడ్డను చూసుకునే ఏర్పాటు అందితే, బిడ్డ ఇల్లు విడవవలసిన అవసరమే రాకపోవచ్చు. భవనం కట్టడానికి సులభంగా ముందుకొచ్చే దాతలు ఈ సాయానికి అంత సులభంగా రారన్నది నాకున్న పెద్ద బాధ. కొత్త గది గోడ మీద పేరు చెక్కవచ్చు, తల్లి దగ్గరే ఉండిపోయిన బిడ్డను ఎవరికీ చూపించలేము.

తడిగుడ్డ మాట చెప్పిన ఆ అమ్మాయి, ఆమె తమ్ముడు ముందు ఒక పూట, తర్వాత రెండు రోజులు, ఆ తర్వాత సెలవులంతా గడిపి, ఏడాది చివరకు అత్తయ్య ఇంటికి పూర్తిగా మారారు. మొదటి నెలల్లో తమ్ముడు తలగడ కింద రొట్టెముక్కలు దాచేవాడు, రాత్రిళ్ళు లేచి తలుపు దగ్గర నిలబడేవాడు. ఇంత చేసినా వాడికి తన మీద నమ్మకం లేదని ఆమె కంటతడి పెట్టినప్పుడు, ఇది ఆమె లోపం కాదని, ఇటువంటి పిల్లల్లో తరచుగా కనిపించేదేనని చెప్పి, ఎప్పుడూ కొంత తిండి వాడి చేతికి అందేచోట ఉంచమని మా కార్యకర్త సూచించింది. మేము వాళ్ళింటికి వెళ్ళి చూసిరావడం ఇంకా కొనసాగుతోంది. పోయిన వారం, వాడు బడికి వెళ్ళనని మొండికేస్తున్నాడని అత్తయ్య ఫోన్ చేసింది. గురువారం నేనూ, మా కార్యకర్తా కలిసి వాళ్ళింటికి వెళ్తున్నాం.