పైథాన్ ఉంది, పిలిచిన పేరే లేదు: ఈఎస్పీ32 అప్‌లోడ్‌తో నా అనుభవం

భీమవరం, ఉండి చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్ల మీద నేను బిగించే డబ్బాల్లో ఉండేవి మూడే: ఈఎస్పీ32 బోర్డు (కోడ్ ఎక్కించి వాడే చిన్న కంట్రోలర్), డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సార్, చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ స్టార్టర్‌కి సిగ్నల్ ఇచ్చే రిలే. కోడ్ ఎక్కించేది ఉబుంటు 22.04 ఉన్న ల్యాప్‌టాప్‌తో. కోడ్ రాసి బోర్డుకి పంపే ప్రోగ్రాము ఆర్డుయినో ఐడీఈలో అప్‌లోడ్ నొక్కితే కింద ఎర్రక్షరాలు: ఎగ్జెక్, పైథాన్, ఎగ్జిక్యూటబుల్ ఫైల్ నాట్ ఫౌండ్ ఇన్ పాత్. అంటే కంప్యూటర్ ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్లలో (పాత్) పైథాన్ అనే ఫైలు దొరకలేదని.

ఇది చూసి కేబుల్ మార్చకండి. బోర్డు పీకేసి, కోడ్‌ని తయారుచేసి చూసే ఉత్త వెరిఫై నొక్కినా ఇదే ఎర్రర్ వస్తుంది. అంటే ఐడీఈ ఇంకా బోర్డు జోలికే వెళ్లలేదు. ఐడీఈకి ఈ బోర్డును పరిచయం చేసే ఈఎస్పీ32 కోర్ 1.0 వరస వెర్షన్లలో, బోర్డులోకి కోడ్ రాసే ఈఎస్పీటూల్ ఒక పైథాన్ స్క్రిప్టు. బోర్డు మెమరీలో ఏ భాగం దేనికో చెప్పే పార్టిషన్ టేబుల్ తయారుచేసేదీ అంతే. కోర్‌లోని ప్లాట్‌ఫామ్ ఫైలు ఈ రెండింటినీ ఉత్త ‘పైథాన్’ అనే పేరుతో నడపమంటుంది. పైథాన్ 2కి సపోర్టు 2020 జనవరి 1తో ఆగింది. ఉబుంటు 20.04 నుంచి మామూలుగా దొరికే కమాండు ‘పైథాన్3’ ఒక్కటే. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, పిలిచిన పేరు మాత్రం వాడిది కాదు. విండోస్‌లో ఈఎస్పీటూల్ ఎక్స్‌ఈ ఫైలుగా వస్తుంది కాబట్టి పక్కవాడి ల్యాప్‌టాప్‌లో అదే కోడ్ ఇట్టే ఎక్కేస్తుంది.

నేను ముందు చేసింది తప్పు పని. టెర్మినల్ తెరిచినప్పుడు చదివే సెట్టింగుల ఫైలు బాష్ఆర్‌సీలో పైథాన్‌కి పైథాన్3 అని ఏలియాస్ (మారుపేరు) రాశాను. టెర్మినల్‌లో పైథాన్ అని కొడితే చక్కగా పలికింది, ఐడీఈలో మళ్లీ అదే ఎర్రర్. ఏలియాస్ అనేది మనం కూర్చుని కమాండ్లు టైపు చేసే షెల్‌కే తెలుసు. ఐడీఈ మధ్యలో షెల్ లేకుండా నేరుగా ప్రోగ్రామును పిలుస్తుంది, పాత్‌లోని ఫోల్డర్లలో ఆ పేరుతో నిజంగా ఒక ఫైలు ఉండాలి. డెస్క్‌టాప్ ఐకాన్ నుంచి తెరిచిన ఐడీఈకి బాష్ఆర్‌సీలో కలిపిన పాత్ కూడా అందదు. పలు పైథాన్ వెర్షన్లు పెట్టుకునే పైఎన్వ్ వాడేవాళ్లు తికమకపడేది ఇక్కడే.

సరైన మందు ఉబుంటులో ప్యాకేజీలు వేసే ఆప్ట్‌లో ఉంది: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్-ఈజ్-పైథాన్3. పేరు వింతగా ఉన్నా అది చేసేది పైథాన్ అనే పేరుతో పైథాన్3కి ఒక లింకు పెట్టడమే. ఎల్ఎన్ కమాండుతో ఆ లింకు చేత్తోనూ పెట్టొచ్చు. నాకు ప్యాకేజీయే నచ్చుతుంది, వద్దనుకున్న రోజు శుభ్రంగా తీసేయొచ్చు. పైథాన్ 2 కోసం రాసిన పాత స్క్రిప్టులు అదే మెషీన్ మీద నడుస్తుంటే మాత్రం ఆగండి, అవి విరుగుతాయి. అలాంటప్పుడు ప్లాట్‌ఫామ్ ఫైలులోనే పైథాన్ అన్నచోట పైథాన్3 అని దిద్దుకోవాలి. కోర్ అప్‌డేట్ చేస్తే ఆ దిద్దుబాటు పోతుంది.

ఐడీఈని మూసి తెరిచాక ఎర్రర్ మారింది: నో మాడ్యూల్ నేమ్డ్ సీరియల్. మారిందంటే ముందడుగే. ఇక్కడ పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో ‘సీరియల్’ అని వేసుకుంటే వచ్చేది వేరే ప్యాకేజీ. కావలసింది ‘పైసీరియల్’, ఆప్ట్‌లో దాని పేరు పైథాన్3-సీరియల్. ఉబుంటు 23.04 నుంచి పిప్ సిస్టమ్ పైథాన్‌లో వేయనివ్వదు, కాబట్టి ఆప్టే మేలు. సొంత పైథాన్‌తో వచ్చే కోండా ఆన్‌లో ఉన్న టెర్మినల్ నుంచి ఐడీఈ తెరిస్తే పలికేది కోండా పైథాన్. ఆప్ట్‌తో వేసిన సీరియల్ దానికి కనపడదు.

తర్వాత పర్మిషన్ డినైడ్. యూజర్‌ని సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో కలిపి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే సీహెచ్340 చిప్పున్న బోర్డు పెట్టగానే పోర్టు కనిపించి మాయమైతే, 22.04లో దాన్ని లాక్కునేది బ్రెయిల్ తెరల కోసం ఉండే బీఆర్ఎల్‌టీటీవై. అది అవసరం లేనివాళ్లు తీసేస్తే సరి.

కనెక్టింగ్ దగ్గర చుక్కలు వరసగా పడి ఆగిపోతే బోర్డు మీది బూట్ బటన్ నొక్కి పట్టుకోండి, రాయడం మొదలవగానే వదలండి. మాటిమాటికీ ఇదే గొడవైతే ఈఎన్ (రీసెట్ పిన్ను), గ్రౌండ్ పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ కాలు ఈఎన్ వైపు. మోటారు షెడ్డులో పొడుగు కేబుల్ వాడక తప్పకపోతే స్పీడు 921600 నుంచి 115200కి దించుతాను. రిలే వైరు బోర్డు మీది జీపీఐఓ 12 పిన్నుకి కలపకండి. బూట్ సమయంలో ఆ పిన్ను హై అయితే బోర్డు కోడ్ దాచుకునే ఫ్లాష్ మెమరీకి 3.3 బదులు 1.8 వోల్టులు ఇస్తుంది, ఫ్లాష్ చదవలేక చేతులెత్తేస్తుంది. చాలా రిలే మాడ్యూళ్లు ఇన్‌పుట్‌ని హైకే లాగి ఉంచుతాయి మరి.

హార్డ్ రీసెట్టింగ్ వయా ఆర్టీఎస్ పిన్ అని చివరి లైను వచ్చిందంటే కోడ్ ఎక్కినట్టే. సీరియల్ మానిటర్‌లో చెరువు నీటి వేడి మైనస్ 127 డిగ్రీలని చూపిస్తే మాత్రం సెన్సార్ దొరకలేదని. డేటా వైరుకీ 3.3 వోల్టుకీ మధ్య 4.7 కిలోఓమ్ రెసిస్టర్ మరిచిపోయి ఉంటారు, చూసుకోండి.