తోక లేని లాంప్-2ఎ

చిన్నది ఎప్పుడో పడుకుంది. ఆయన "ఇంకా ఆ ట్యూబు గొడవేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లి పడుకున్నారు. అవును, ఆ ట్యూబు గొడవే.

మధ్యాహ్నం ల్యాబుకి పార్సిల్ వచ్చింది. మా కొత్తమ్మాయి పరుగెత్తుకొచ్చి "మేడమ్, లాంప్-2ఎ వచ్చేసింది!" అంది. లాంప్-2ఎ అంటే, కణంలో చెత్తను అరిగించే సంచి అయిన లైసోజోమ్ పొరలో ఉండే ప్రోటీన్. తన ముఖం చూసి నాకూ ఎంతో సంతోషమేసింది. ఆ తర్వాత డేటాషీట్ విప్పాను.

మానవ లాంప్-2ఎ, రీకాంబినెంట్ (అంటే జన్యువు పెట్టి ల్యాబు కణాల్లో చేయించినది), హెక్ 293 అనే మానవ కణాల్లో తయారీ, శుద్ధి చేయడానికి తగిలించే హిస్టిడిన్ ట్యాగ్. అంతవరకూ బాగుంది. అడుగున చిన్న అక్షరాల్లో, 29 నుంచి 375 వరకు అమైనో ఆమ్లాలు. అసలు ప్రోటీన్ పొడవు 410. అంటే లైసోజోమ్ లోపలివైపు ఉండే భాగం ఒక్కటే పంపారు. పొరలో దిగే ముక్క లేదు, పొర దాటి బయటికి వచ్చే తోకా లేదు. కేటలాగులో ఈ అంకెలు ఎక్కడా లేవు. ఆర్డరు పెట్టేముందు వెతికాను, ఇప్పుడు మళ్లీ వెతికాను.

ఈ జన్యువు నుంచి ఎ, బి, సి అని మూడు రూపాలు వస్తాయి. మూడింటికీ లోపలి భాగం దాదాపు ఒక్కటే. తేడా అంతా ఆ చివరి ముక్కలోనే. ఎ రూపం తోక 12 అమైనో ఆమ్లాలు. కణంలో ఏరివేయాల్సిన ప్రోటీన్లను సహాయక ప్రోటీన్ అయిన హెచ్‌ఎస్‌సి70 పట్టుకొచ్చేది ఆ తోక దగ్గరికే. లైసోజోమ్‌లోకి వాటిని తీసుకునే గ్రాహకం ఇదేనని 1996లో ఆనా మరియా క్వెర్వో, ఫ్రెడ్ డైస్ చూపించారు. మా అమ్మాయి చేయబోయేది సరిగ్గా ఆ అతుకు గురించే. ఈ ట్యూబుతో చేస్తే ఏదీ అతుక్కోదు. అతుక్కోలేదని నోట్‌బుక్‌లో రాసుకుని, లోపం తన చేతిలో ఉందనుకుని కుమిలిపోయేది. నా కోపమంతా దానికే. తోక తీసేసిన ముక్కకి ఎ అని పేరెందుకు పెట్టాలి? బి అన్నా, సి అన్నా దాదాపు చెల్లుతుంది. ఈ జన్యువు పాడైతే వచ్చే డానన్ అనే గుండె, కండరాల వ్యాధి మీద పనిచేసేవాళ్లకి ఈ అక్షరం ఎంత ముఖ్యమో వాళ్లకి తెలియదా? గుండె కండరంలో ఎక్కువగా ఉండేది బి. ఆ ఒక్క రూపం పాడైనా పిల్లల గుండె దెబ్బతింటుంది.

ఇంత కోపంలోనూ నా మొదటి లాంప్ జెల్ (ప్రోటీన్లను బరువు ప్రకారం విడదీసే పరీక్ష) గుర్తొచ్చింది. లెక్క ప్రకారం ప్రోటీన్ గీత, అంటే బ్యాండు, 40 కిలోడాల్టన్ల బరువు దగ్గర ఉండాలి. 100 దగ్గర మందంగా, అలుక్కుపోయినట్టు కనబడింది. శాంపిల్ మారిపోయిందని ల్యాబంతా అనుకున్నారు. మా మేడమ్ మాత్రం ఏమీ అనకుండా పీఎన్‌జీ-ఎఫ్ ఎంజైము ఉన్న డబ్బా నా చేతిలో పెట్టి, "రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచమ్మా, రేపు మాట్లాడుకుందాం" అన్నారు. మర్నాడు బ్యాండు సగానికి పైగా కిందికి దిగిపోయింది. ఆ ఎంజైము కోసేది చక్కెర గొలుసులను, అంటే పైనున్న బరువంతా వాటిదే! లాంప్-2 మీద అవి అతుక్కునే చోట్లు 16 దాకా ఉంటాయి. లైసోజోమ్ లోపల పీహెచ్ 5 కన్నా తక్కువ, అంటే ఆమ్లం, దేన్నైనా కోసిపడేసే ఎంజైములు పదుల సంఖ్యలో. అంత దగ్గరగా ఉండి కూడా పొర అరిగిపోకుండా కాపాడే కవచం ఆ చక్కెరలే. ఆవిడ బోర్డు మీద గీసిన బొమ్మలో పొర చిన్న గీత, చక్కెరలు అడవంత. లైసోజోమ్ అనే ఈ కణాంగం మీద నాకు మనసు పడింది ఆ రోజే.

ఇది రాస్తుంటే కోపం కాస్త పక్కకి జరిగింది. వాళ్లు తోకను ఊరికే కొయ్యలేదు. పొరలో దిగే ముక్కని ఉంచితే ప్రోటీన్ నీళ్లలో నిలవదు, ముద్దకడుతుంది. డిటర్జెంటు కలపాలి, అది కలిపితే సగం ప్రయోగాలు చెడతాయి. లోపలి భాగాన్ని మానవ కణాల్లోనే చేయించారు కాబట్టి చక్కెరలున్నాయి. ఈ-కోలై బాక్టీరియాలో చేసి ఉంటే అవీ ఉండేవి కావు. యాంటీబాడీ పరీక్షించడానికి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. ట్యూబులో ఉన్నది మంచి ప్రోటీనే. దాని మీద ఉన్న ఆ ఒక్క అక్షరమే నన్ను నిద్రపోనివ్వట్లేదు.

కాబట్టి వాపసు పంపను. చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో పెట్టిస్తాను, పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే పాడవుతుంది. జూనియర్లకి ఆ పీఎన్‌జీ-ఎఫ్ జెల్ చూపించడానికి పనికొస్తుంది. కంపెనీకి మాత్రం రాస్తాను, డబ్బు కోసం కాదు, కేటలాగులోనే ఆ అంకెలు పెట్టమని. మా అమ్మాయికి తోక కావాలి, ఉన్నది 12 అమైనో ఆమ్లాలే కదా, చిన్న గొలుసుగా, అంటే పెప్టైడ్‌గా చేయించవచ్చు. కానీ పొరలో ఈ ప్రోటీన్లు గుంపుగా చేరితేనే లోపలికి దారి తెరుచుకుంటుంది, అది పెప్టైడ్‌తో తేలదు. ఎలుక కాలేయం నుంచి లైసోజోములు విడదీయక తప్పదు. ముందు పెప్టైడ్ ఆర్డరు పెట్టిస్తాను, లైసోజోముల పని నేనే దగ్గరుండి నేర్పిస్తాను.